పిల్లల డాక్టరును చంపిన తుపాకి

2025 సెప్టెంబర్ 3తో డాక్టర్ రామనాథం హత్యకు నలభై ఏండ్లు నిండాయి. వరంగల్‌లో, ఆయన సొంత ఆస్పత్రిలోకి చొరబడి కాల్చి చంపింది దొంగలూ కాదు, రౌడీలూ కాదు. పౌరుల ప్రాణాలు కాపాడతామని జీతం తీసుకునే పోలీసులు. తెలంగాణ వచ్చినంక పుట్టిన పిల్లలకు ఈ పేరు తెలువాలె.

రామనాథం పిల్లల డాక్టరు. ఆయన ఆస్పత్రి పిల్లల ప్రజావైద్యశాల. ప్రజ అన్న మాట బోర్డు మీద ఊరికే రాసుకున్నది కాదు. చంటిబిడ్డకు విరేచనాలు పట్టుకుంటే మందిచ్చి పంపొచ్చు. తాగే నీళ్లు మారకపోతే అదే తల్లి అదే బిడ్డనెత్తుకొని మళ్లీ వస్తది. రోగం మూలం అడిగే డాక్టరు ఆస్పత్రి గడప దగ్గర ఆగలేడు. రామనాథం ఆగలేదు. ఎమర్జెన్సీలో జైలుకు పోయారు. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడయ్యారు. ఎన్‌కౌంటర్ పేరుతో జరిగే హత్యలను, అక్రమ అరెస్టులను ప్రశ్నించిన సంఘమది.

1985 సెప్టెంబర్ 2న కాజీపేటలో ఒక ఎస్సైని నక్సలైట్లు చంపారు. మరునాడు ఆయన శవయాత్రలో నడిచిన పోలీసులే రామనాథం ఆస్పత్రి మీద పడ్డారు. ఆ హత్యతో డాక్టరుకు ఏ సంబంధమూ లేదు. ఆయన చేసిన నేరమల్లా హక్కుల గురించి మాట్లాడడమే. అక్కడితోనూ ఆగలేదు. 1986లో జాపా లక్ష్మారెడ్డిని, 1991లో నర్రా ప్రభాకర్‌రెడ్డిని కూడా హక్కుల ఉద్యమం పోగొట్టుకుంది.

తెలంగాణ ఉద్యమానికీ ఈ కథకూ ఏం సంబంధమని కొందరు అడగవచ్చు. ఉన్నది. 2009 నవంబర్‌లో ఉస్మానియా విద్యార్థుల మీద లాఠీలు విరిగినప్పుడు మనం అడిగింది సభ పెట్టుకునే హక్కే. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌కు దారులన్నీ మూసినప్పుడు అడిగింది నడిచే హక్కే. అదే ఏడాది సెప్టెంబర్ 13 నుంచి సకల జనుల సమ్మెలో ఉద్యోగులు జీతాలు వదులుకొని నిలబెట్టుకున్నది సమ్మె హక్కే. ఈ హక్కులు ఢిల్లీ నుంచి దానంగా రాలేదు. మనకన్నా ముందు వరంగల్, కరీంనగర్ వీధుల్లో కొందరు వీటి కోసం ప్రాణాలిచ్చారు. వాళ్లు దున్నిన నేలలోనే మనం విత్తనం వేసినం.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. మన సర్కారు వచ్చింది కదా, ఇంకా ప్రశ్నలెందుకన్న మాట కూడా వెంటనే వచ్చింది. 2017లో ఇందిరాపార్కు దగ్గరి ధర్నాచౌక్‌ను ఎత్తేశారు. ధర్నాలతో వచ్చిన రాష్ట్రంలో ధర్నా చేసుకునే జాగ కోసం జనం హైకోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. 2018లో కోర్టు చెప్తే గాని ఆ జాగ తెరుచుకోలేదు. ఆంధ్ర పాలకుల లాఠీ అయితే నొప్పి, మనవాళ్ల లాఠీ అయితే మందు అవుతదా?

జిల్లాకో మెడికల్ కాలేజీ వచ్చింది. సంతోషమే. వాటిలో చదివే మన పిల్లలు రోగాన్ని చూసుడే కాదు, రోగానికి కారణమైన వ్యవస్థను అడుగుడు కూడా నేర్వాలె. అట్ల అడిగేటోళ్లను రాష్ట్రం శత్రువుల లెక్క చూడొద్దు. అధికారంలో ఏ పార్టీ ఉన్నా సరే, ఇదే కొలమానం.

అమరుల పేర్లు చదివేటప్పుడు 1969ని తలుచుకుంటం, 2009ని తలుచుకుంటం. ఆ రెంటి నడుమ 1985 సెప్టెంబర్ 3 కూడా ఉన్నదని విద్యార్థులు, ఉద్యోగులు యాది పెట్టుకోవాలె. పిల్లల డాక్టరును ఆస్పత్రిలోనే చంపగలిగిన అధికారం ఎవరి చేతిలో ఉన్నా ప్రమాదమే. దానికి పగ్గం వేసే పని రాష్ట్రం రావడంతో ముగియలేదు.