దుప్పిని తెచ్చిందెవరు?

అడవిని పాడుచేసేది ఆదివాసులేనన్న మాట మనకు కొత్త కాదు. పోడు కొట్టారు, అడవి పోయింది అంటారు. ఆ మాట అనేవాళ్లను ఒక్కసారి అండమాన్ దీవుల అడవి చూసి రమ్మంటున్నాం.

అక్కడ జరావా, ఓంగే వంటి మన సోదర తెగలు వేల ఏళ్లుగా పందిని వేటాడి, తేనె తీసి, చేపలు పట్టి బతికాయి. అడవి తరగలేదు. 1858లో బ్రిటిష్ వాళ్లు అక్కడ ఖైదీల వలస పెట్టారు. 1922-24 మన్యం పితూరీలో పట్టుబడిన మనవాళ్లను కొందరిని అక్కడికే పంపారు. మనుషులను బలవంతంగా ఓడెక్కించిన వాళ్లే జంతువులనూ ఎక్కించారు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దొరలు వేట సరదా కోసం చుక్కల దుప్పిని తెచ్చి అక్కడ వదిలారు. మన కొండల్లోనూ దుప్పి ఉంది. దాని వెనకే రేచుకుక్క, చిరుత ఉన్నాయి కాబట్టి లెక్క సరిపోతుంది. అండమాన్లో అవి లేవు. దుప్పి ఈదుకుంటూ దీవి నుంచి దీవికి పాకింది. మొలిచిన మొక్కను మొలిచినట్టే మేస్తోంది. తలెత్తి చూస్తే పెద్ద చెట్లు పచ్చగానే ఉంటాయి. కింద చూస్తే, రేపటి చెట్టు కావలసిన పిల్లమొక్క కనబడదు. ముసలివాళ్లే మిగిలిన ఊరు ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఏనుగుల కథా ఇంతే. కలప లాగడానికి ఒక కంపెనీ వాటిని తెచ్చింది. 1962లో కంపెనీ మూతపడితే, సుమారు 40 ఏనుగులను ఇంటర్వ్యూ దీవిలో వదిలేసింది. కలప లాభం తిన్నవాళ్లు వెళ్లిపోయారు, నష్టం అడవికి మిగిలింది. ఈ ఏనుగులూ దుప్పులూ అక్కడి మొక్కలను ఎలా దెబ్బతీశాయో రవూఫ్ అలీ అనే జీవశాస్త్రవేత్త 2004లోనే రాశారు.

దుప్పి చేసిన పాపమేముంది అంటారా? ఏమీ లేదు, అది ఆకలికి మేసింది. బయటి నుంచి వచ్చిందల్లా చెడ్డదనీ మేం అనం. మొక్కజొన్న, మిరప సముద్రం దాటి వచ్చినవే. వాటిని మనవాళ్లు ఒక ఏడు వేసి చూశారు, బాగుంటే విత్తనం దాచుకున్నారు. ఉంచుకోవడమో వదులుకోవడమో మన చేతిలో ఉంది. జరావాలను దుప్పి గురించి ఎవరడిగారు? ఏనుగుల గురించి ఎవరడిగారు?

మనల్ని మాత్రం ఎవరడిగారు? ఆస్ట్రేలియా నుంచి వచ్చిన జామాయిల్‌ను మన కొండవాలుల్లో వరసలు కట్టి నాటారు. ఇప్పపువ్వు ఏరుకున్న చోట ఇప్పుడు ఏరుకోవడానికేమీ రాలదు. అయినా ప్రభుత్వ లెక్కల్లో అలాంటి తోట కూడా అడవి కిందికే వస్తుంది. పోడు చేసిన చెయ్యి దొంగ చెయ్యి, జామాయిల్ నాటిన చెయ్యి పచ్చదనం పెంచిన చెయ్యి!

ఉపాధ్యాయ మిత్రులారా, పర్యావరణ పాఠంలో 'మానవ చర్యల వల్ల అడవులు నశిస్తున్నాయి' అన్న వాక్యం రాగానే ఆగండి. ఏ మానవుడి చర్య వల్ల అని పిల్లలతో అడిగించండి. యువకులారా, మీ కొండ మీద ఏ చెట్టు ఎప్పుడు వచ్చిందో, ఎవరు తెచ్చారో పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టండి. రేపు గ్రామసభలో ఎవరైనా కొత్త మొక్కతో వస్తే, ఆ కాగితం మన చేతిలో ఉండాలి.