సూక్ష్మదర్శిని చెంత కొత్త శిష్యుడు

"నెత్తురు పరీక్ష ఇక కంప్యూటరే చేస్తుందట గదా, వైద్యునితో పనేమున్నది?" అని ఈ మధ్య పలువురు నన్ను అడుగుతున్నారు. మరికొందరు, నేను ఆయుర్వేద వైద్యుణ్ణి గనుక, ఇటువంటి యంత్రాలను తప్పక నిరసిస్తానని ఎదురుచూస్తున్నారు. ఈ రెండు భావనలూ సరియైనవి కావని నా అభిప్రాయం. మనకు చిరపరిచితమైన మలేరియా జ్వరాన్నే ఉదాహరణగా తీసుకొని నా మాట విన్నవిస్తాను.

రోజు విడిచి రోజు వచ్చే జ్వరాన్ని తృతీయకమని, రెండు రోజులు విడిచి వచ్చేదానిని చతుర్థకమని మన శాస్త్రం విషమజ్వరాలలో చేర్చింది. రక్తంలో పుట్టే క్రిములలో కొన్ని అతిసూక్ష్మములై కంటికి అగపడవని చరకసంహిత విమానస్థానంలో ఉన్నది. దీనినిబట్టి మలేరియా క్రిమి మన పూర్వులకు తెలుసునని చెప్పడం అతిశయోక్తి. కంటికి కనిపించనిది కూడా ఉండవచ్చునని అంగీకరించే వినయం వారికున్నదని మాత్రం చెప్పవచ్చును. ఆ కనిపించని క్రిమిని 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు రోగి నెత్తుటిలో చూశాడు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దానిని దోమ కడుపులో గుర్తించాడు. ఇద్దరికీ తోడ్పడినది సూక్ష్మదర్శినియే.

నేటికీ పద్ధతి అదే. వేలికొన నుండి తీసిన నెత్తుటిబొట్టును గాజుపలకపై పూసి, గీమ్సా రంగు వేసి చూస్తారు. ఎర్రకణం లోపల చిన్న ఉంగరం వంటి ఆకారం కనిపిస్తే అది క్రిమి. వినడానికి సులువే గాని, దళసరి పూతలో కనీసం 100 క్షేత్రాలు చూడకుండా క్రిమి లేదని చెప్పరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం. వర్షాకాలంలో స్లయిడ్లు గుట్టలుగా వచ్చిపడినప్పుడు ఎంతటి నిపుణుని కన్నయినా అలసిపోతుంది. ఇక్కడనే కొత్త యంత్రవిద్య ప్రవేశించింది.

యంత్రం ఎట్లా నేర్చుకొన్నది?

ఈ విద్యను డీప్ లెర్నింగ్ అంటారు. బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ వైద్యకళాశాల ఆసుపత్రిలో 150 మంది మలేరియా రోగుల నుండి, 50 మంది ఆరోగ్యవంతుల నుండి నెత్తురు సేకరించి, సూక్ష్మదర్శినికి తగిలించిన ఫోను కెమెరాతో చిత్రాలు తీశారు. బ్యాంకాక్‌లోని ఒక నిపుణుడు వాటిని పరిశీలించి, ఏ కణంలో క్రిమి ఉన్నదో, ఏ కణంలో లేదో గుర్తులు పెట్టాడు. ఆ విధంగా ఏర్పడిన 27,558 కణచిత్రాలను, సగం రోగగ్రస్తమైనవి, సగం ఆరోగ్యకరమైనవి, అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయ పరిశోధకులు యంత్ర శిక్షణకు వినియోగించి, లోకానికంతటికీ అందుబాటులో ఉంచారు.

ఇట్టి చిత్రాలను కంప్యూటరు ఒక్కొక్కటిగా చూసి తన ఊహ చెబుతుంది. ఊహ తప్పయితే, తప్పిన మేరకు తన లోపలి లెక్కలను కొద్దిగా సవరించుకొంటుంది. ఇట్లా వేలసార్లు జరుగుతుంది. తొలి పొరలలో అంచులను, రంగులను, తరువాతి పొరలలో ఆకారాలను పోల్చుకోవడం దానికి అలవడుతుంది. ఉంగరం అంటే ఇట్లా ఉంటుందని ఎవరూ సూత్రం వ్రాసి ఇవ్వరు.

ఇది చదివినప్పుడు నాకు గురుకులమే స్ఫురించింది. మా గురువుగారు నాడీపరీక్ష నేర్పేటప్పుడు శ్లోకాలు కంఠస్థం చేయించినా, విద్య వచ్చినది మాత్రం వాటివల్ల కాదు. రోగి మణికట్టుపై నా వేళ్ళు పెట్టించి, ఏమి తోచిందని అడిగి, తప్పయితే దిద్దేవారు. అట్లా వందల నాడులు చూసిన పిమ్మట వేలికొసలకు తెలివి వచ్చింది. యంత్రమూ అదే మార్గాన నేర్చింది గనుక దానిని వింతగా చూడనవసరం లేదు. అయితే శిష్యునికి వర్తించే నియమమే దానికీ వర్తిస్తుంది: గురువు చూపినంత మేరకే శిష్యుని చూపు.

బలమెక్కడ, బలహీనత ఎక్కడ?

మొదట బలం చెబుతాను. రొమ్ము కాన్సరు లసికా గ్రంథులకు వ్యాపించినదీ లేనిదీ స్లయిడు చూసి తేల్చడంలో 2016లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక పోటీ నిర్వహించారు. దాని ఫలితాలు 2017లో ప్రచురితమయ్యాయి. నిత్యవిధులలో వలె పరిమిత కాలంలో 129 స్లయిడ్లను చూసిన 11 మంది పాథాలజిస్టుల కంటె మేలైన యంత్రపద్ధతులు ఎక్కువ సరిగా చెప్పాయి. కాని తొందర లేకుండా సుమారు 30 గంటలు వెచ్చించి చూసిన పాథాలజిస్టు ఆ యంత్రాలతో సమానంగా నిలిచాడు. అంటే అక్కడ యంత్రం గెలిచినది మనిషి విద్యపైన కాదు, మనిషి తొందరపైన. యంత్రానికి అలసట లేదు. మనకు కావలసిన సాయం అదే.

ఇక బలహీనత. చిట్టగాంగ్ చిత్రాలు 27,558 అయినా, మనుషులు 200 మందియే. అందులోని రోగులకున్నది ఫాల్సిపారం అనే ఒక్క రకపు మలేరియా. మన దేశంలో వైవాక్స్ రకమూ ఉన్నది. రంగు చిక్కదనం మారినా, కెమెరా మారినా, చూడని రకం ఎదురైనా యంత్రం తడబడవచ్చును. రంగు నలుసును, ప్లేట్‌లెట్టును క్రిమి అని భ్రమించనూవచ్చును.

ఒక చిన్న లెక్క చూడండి. నూరు మంచి కణాలలో ఒక్కదానిని మాత్రమే పొరబాటున చెడ్డదనే యంత్రం ఉన్నదనుకొందాము. నూటికి తొంభైతొమ్మిది మార్కులని మనం మురిసిపోతాము. కాని అది ఆరోగ్యవంతుని నెత్తుటిలో 5,000 కణాలు చూస్తే 50 కణాలలో లేని క్రిమిని చూపుతుంది! శిక్షణలో చిత్రాలు సగం సగం ఉన్నాయి. నిజమైన నెత్తుటిలో అట్లా ఉండదు. కనుక యంత్రం వేలెత్తి చూపిన కణాన్ని నిపుణుడు తన కంటితో చూసి నిర్ధారించాలి. సంతకం మనిషిది కావాలి, బాధ్యతా మనిషిదే కావాలి.

ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం అనే మూడింటితో రోగాన్ని తెలుసుకోవాలని చరకుడు ఆదేశించాడు. సూక్ష్మదర్శిని గాని, ఈ యంత్రం గాని ప్రత్యక్షానికి పదును పెట్టేవి మాత్రమే. కణాన్ని చూడడం వేరు, రోగిని చూడడం వేరు. జ్వరం వచ్చినది గర్భిణికా, పసిబిడ్డకా, ఎన్ని రోజులైనది, ఎక్కడికి ప్రయాణం చేశారు అన్నది గాజుపలక చెప్పదు.

గృహస్థులకు నా మనవి

చలితో వణుకు పుట్టి జ్వరం వస్తే, మూడు రోజులు కషాయం త్రాగి చూద్దామని కూర్చోకండి. అదేరోజు నెత్తురు పరీక్ష చేయించండి. ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మలేరియా పరీక్షా, మందులూ ఉచితం. ఫాల్సిపారం ఒకటి రెండు రోజులలోనే ప్రాణం మీదికి తేగలదు.

పరీక్షలో క్రిమి లేదని వచ్చినా జ్వరం విడువకపోతే మరల పరీక్ష చేయించండి. యంత్రంతో చేసిన పరీక్ష అయితే, స్లయిడును పాథాలజిస్టు చూశారా అని అడగండి. అది మీ హక్కు.

క్రిమి ఉన్నదని తేలితే వైద్యుడిచ్చిన మలేరియా మందును పూర్తిగా వాడవలసినదే. తిప్పతీగ గాని, శొంఠి కషాయం గాని దానికి బదులు కావు. జ్వరం తగ్గిన పిమ్మట అగ్నిబలం కోలుకొనడానికి పలుచని జావ, పెసరకట్టు వంటి లఘ్వాహారం మేలు చేస్తుంది. ఇంటివైద్యానికి తగిన చోటు అది. దానిని దాటించి వాడితే అపకీర్తి శాస్త్రానికి, ఆపద రోగికి.