స్పానిష్ బడి, తెలుగు ఇల్లు

అమెరికాలో పిల్లకు అయిదేళ్లు నిండబోతున్నాయంటే తెలుగు ఇళ్లలో ఓ కొత్త చర్చ మొదలవుతుంది. వీధి చివర ఉన్న ప్రభుత్వ బడిలో మామూలు కిండర్‌గార్టెన్‌లో చేర్చడమా, కాస్త దూరమైనా మరో ప్రభుత్వ బడిలోని స్పానిష్ ఇమ్మర్షన్ తరగతికి దరఖాస్తు పెట్టడమా? ఫీజు లేదు. సీట్లు తక్కువ, అడిగేవారు ఎక్కువ కాబట్టి చాలాచోట్ల లాటరీ తీస్తారు. ఈ సంగతి ఫోన్‌లో చెబితే గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న తాతయ్య నుంచి వచ్చే మొదటి ప్రశ్న, "మనకు స్పానిష్ ఎందుకురా?" రెండోది ఇంకాస్త గుచ్చుకునేది. "మరి తెలుగు ఎప్పుడు నేర్పుతారు?"

మొదటి ప్రశ్నకు జవాబు తేలికే. అమెరికాలో 4 కోట్ల మందికి పైగా ఇళ్లలో స్పానిష్ మాట్లాడతారు. టెక్సస్‌లో డాక్టరుకైనా, కాలిఫోర్నియాలో లాయరుకైనా ఆ భాష వస్తే పని సులువు. రెండు భాషల్లో పట్టు చూపిన హైస్కూలు విద్యార్థుల డిప్లొమాపై ప్రత్యేక ముద్ర వేయాలని కాలిఫోర్నియా 2011లో చట్టం చేసింది. ఇతర రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. తెలుగువారి లెక్కల బుర్రకు ఇలాంటివి వెంటనే అర్థమవుతాయి. రెండో ప్రశ్నే ఇల్లంతా తిరుగుతుంది.

ఇమ్మర్షన్ అంటే భాషను ఒక సబ్జెక్టుగా చెప్పడం కాదు, పిల్లలను అందులో ముంచి తేల్చడం. లెక్కలు, సైన్సు, కథలు, వరుసలో నిలబడమనే అదిలింపు, అన్నీ ఆ భాషలోనే. 90:10 అనే పద్ధతిలో కిండర్‌గార్టెన్‌లో పదింట తొమ్మిది వంతుల సమయం స్పానిష్‌దే. ఏటా కొంత తగ్గుతూ నాలుగైదు తరగతులకు వచ్చేసరికి రెండు భాషలూ సమానమవుతాయి. మొదటి రోజు నుంచే సగం సగం పంచే బడులూ ఉన్నాయి. 2008లో చట్టం చేసి మరీ ఇమ్మర్షన్‌ను విస్తరించిన యూటా రాష్ట్రానిది ఈ సగం సగం పద్ధతే.

ఈ పద్ధతికి పునాది వేసింది అధికారులు కాదు, తల్లిదండ్రులు. 1965లో కెనడాలోని మాంట్రియల్ శివారు సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లీషు మాట్లాడే కుటుంబాలు స్కూలు బోర్డు వెంటపడి తమ పిల్లలకు ఫ్రెంచిలో చదువు చెప్పించుకున్నాయి. దాన్ని చూసి 1971లో కాలిఫోర్నియాలోని కల్వర్ సిటీ స్పానిష్‌తో అదే పని చేసింది. అంతకు ముందే, 1963లో, మయామీలోని కోరల్ వే బడి క్యూబా నుంచి వచ్చిన శరణార్థుల పిల్లలను, స్థానిక పిల్లలను కలిపి రెండు భాషల్లో చదివించింది.

అందరికీ ఉండే భయం ఇంగ్లీషు వెనకబడుతుందని. ఈ భయానికి ఆధారం లేకపోలేదు. తొలి రెండు మూడేళ్లలో ఇంగ్లీషు చదవడంలో కొందరు పిల్లలు నెమ్మదిస్తారు. పక్కింటి పిల్ల ఇంగ్లీషు కథల పుస్తకాలు గడగడా చదివేస్తుంటే తల్లికి నిద్ర పట్టదు. అయితే ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో రాండ్ సంస్థ చేసి 2015లో ఫలితాలు వెల్లడించిన అధ్యయనం ఈ విషయంలో చాలావరకు స్పష్టత ఇచ్చింది. అది లాటరీలో సీటు వచ్చిన పిల్లలను, దరఖాస్తు పెట్టినా సీటు రానివారిని పోల్చింది. రెండు వైపులా అదే తరహా పట్టుదల ఉన్న తల్లిదండ్రులే కాబట్టి ఆ పోలికకు విలువ ఉంది. ఇమ్మర్షన్ పిల్లలు ఇంగ్లీషు చదవడంలో అయిదో తరగతికి 7 నెలలు, ఎనిమిదో తరగతికి 9 నెలలు ముందున్నారు. లెక్కలు, సైన్సులో లాభమూ లేదు, నష్టమూ లేదు.

తెలుగు తల్లిదండ్రుల భయానికి మరో మూలం కూడా ఉంది. అది వారి సొంత బాల్యం. తెలియని భాషలో చదువంటే వారికి గుర్తొచ్చేది ఇంగ్లీషు మీడియమే. నోట్సు బట్టీ పట్టడం, తెలుగులో మాట్లాడితే జరిమానా కట్టడం, అర్థం కాకపోయినా తలూపడం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో సర్కారు బడులన్నిటినీ ఇంగ్లీషు మీడియంలోకి మార్చాలని ఉత్తర్వులిస్తే, 2020లో హైకోర్టు కొట్టేసేదాకా నడిచిన వాదనలన్నీ ఈ అనుభవం చుట్టూ తిరిగినవే. కానీ రెండింటికీ పోలిక పైపైనే. ఇమ్మర్షన్ తరగతిలో పంతులమ్మకు స్పానిష్ ధారాళంగా వస్తుంది, ఇంగ్లీషూ తెలుసు. పిల్ల ఇంగ్లీషులో జవాబిస్తే తిట్టదు, స్పానిష్‌లో తిరిగి చెప్పి ముందుకు సాగుతుంది. అన్నిటికీ మించి, అక్కడ ఇంగ్లీషుకు ముప్పు లేదు. వీధి, టీవీ, ఆటస్థలం అన్నీ దానివే. ఒక భాషపై మరొకటి చేర్చడం వేరు, ఒకటి తీసేసి మరొకటి పెట్టడం వేరు.

తెలుగు బిడ్డ విషయంలో ఆ తీసివేత ఎక్కడ జరుగుతోంది? బడిలో చేర్చేటప్పుడు ఇచ్చే కాగితాల్లో దాని ఆచూకీ దొరుకుతుంది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, బిడ్డ మొదట నేర్చింది ఏ భాష అని అడిగే ఫారం ఒకటుంటుంది. తెలుగు అని రాస్తే పిల్లకు ఇంగ్లీషు పరీక్ష పెడతారు. అందులో మార్కులు చాలకపోతే ప్రత్యేక ఇంగ్లీషు పాఠాల జాబితాలో చేరుస్తారు. ఆ ముద్ర ఎందుకని చాలామంది ఇంగ్లీషు అని రాసేస్తారు. ముందు కాగితం మీద జరిగిన మార్పు ఆరు నెలల్లో నోటి మీదకొస్తుంది. "అమ్మా, ఆకలేస్తోంది" అన్న పిల్లే కిండర్‌గార్టెన్ సగానికి ఇంగ్లీషులో ఆకలి చెబుతుంది. అమ్మమ్మ విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలలుండి ఏదో కొంత సరిదిద్ది వెళుతుంది. ఆమె విమానం ఎక్కగానే కథ మళ్లీ మొదటికి. ఇదంతా స్పానిష్ మాటే లేని మామూలు బడుల్లో జరుగుతున్నదే.

అమెరికాలో 2010-2017 మధ్య అత్యంత వేగంగా, 86 శాతం, పెరిగిన భాష తెలుగని జనాభా సర్వే లెక్కలు తేల్చినప్పుడు ఇక్కడ అంతా మురిసిపోయారు. పెరిగింది ఎక్కువగా విమానం దిగినవారి తెలుగు. అక్కడే పుట్టిన పిల్లల తెలుగుకు ఆ లెక్క హామీ కాదు.

అందుకే తాతయ్య ప్రశ్న సరైనదే, గురి మాత్రం తప్పింది. తెలుగు చోటును తినేస్తున్నది ఇంగ్లీషు. స్పానిష్ బడికి వెళ్లినా వెళ్లకపోయినా ఆ పని జరిగిపోతుంది. పైగా స్పానిష్ తెలుగుకు పూర్తిగా పరాయి కూడా కాదు. కాసా, మేసా, లిబ్రో అంటూ మాటలు చాలావరకు అచ్చులతో ముగుస్తాయి. త, ద లు మన త, ద లకు దగ్గర. రాసినట్టే చదవడం, కాబట్టి అక్షరానికీ ధ్వనికీ లంకె ఉంటుందని పిల్లకు తొందరగా తెలుస్తుంది. అన్నిటికన్నా ముచ్చటైనది, స్పానిష్‌లో నువ్వు వేరు, మీరు వేరు. ఇంగ్లీషులో అందరినీ ఒకే గాటన కట్టే పిల్లకు, అమ్మమ్మను 'మీరు' అనమని తల్లి చెప్పే మాట బడిలో ఉస్తెద్ అన్న మాట విన్నాక వింతగా తోచదు.

ఇంతటితో దరఖాస్తు పెట్టేయవచ్చా అంటే, అసలు చిక్కులు ఇక్కడ మొదలవుతాయి. ఆరేళ్లు చదివినా చాలామంది పిల్లలకు వినడం, చదవడం వచ్చినంత బాగా మాట్లాడటం, రాయడం రావు. మెక్సికో పిల్లలా మాట్లాడుతుందని ఆశ పెట్టుకుంటే నిరాశ తప్పదు. హోంవర్కులో తల్లిదండ్రులు చేయగలిగింది పరిమితం. ఇంట్లో సాయంత్రాలు తెలుగుకు కేటాయించకపోతే, సిలికానాంధ్ర మనబడి లాంటి వారాంతపు తరగతి ఒక్కటే వారానికి అయిదు రోజుల బడికి ఎదురు నిలవలేదు. తండ్రి ఇంగ్లీషులో మాట్లాడుతూ పిల్లను తెలుగులో జవాబివ్వమంటే అది అసలే కుదరదు.

అన్నిటికన్నా గట్టి చిక్కు వీసాది. ఇమ్మర్షన్ ఫలితం కనిపించాలంటే అయిదారేళ్లు ఒకేచోట ఉండాలి. హెచ్-1బి ఉద్యోగికి కొలువు పోతే మరోటి వెతుక్కోవడానికి 2017 నుంచి ఉన్న నిబంధన ప్రకారం గరిష్ఠంగా 60 రోజులే. గ్రీన్‌కార్డు క్యూలో భారతీయుల నిరీక్షణ ఏళ్లకేళ్లు. డల్లాస్ నుంచి సియాటిల్‌కు మారితే అక్కడి బడిలో సీటు ఉంటుందన్న భరోసా లేదు. హైదరాబాద్‌కు తిరిగొస్తే 2018 నాటి తెలంగాణ చట్టం ప్రకారం సీబీఎస్ఈ బడిలోనైనా తెలుగు చదవాల్సిందే. మూడో తరగతి మధ్యలో వచ్చిన పిల్ల స్పానిష్‌లో కథలు రాస్తూ తెలుగులో ఓనమాలు దిద్దుకోవాలి. ఇంట్లో తెలుగు నిలిచి ఉంటే ఆ కష్టం అక్షరాలకే పరిమితం. లేకపోతే మాట దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

ఇంకో సంగతి తల్లిదండ్రుల చర్చల్లో అంతగా వినిపించదు. కోరల్ వే తరహా బడుల్లో సగం సీట్లు స్పానిష్ మాట్లాడే ఇళ్ల పిల్లలకు ఉండాలన్నది ఆదర్శం. వారి భాషకు బడిలో గౌరవం దక్కాలనే ఆ ఏర్పాటు. కాలిఫోర్నియా ఓటర్లు 1998లో వలస పిల్లలకు రెండు భాషల చదువును దాదాపు మూసేసి, 2016లో తిరిగి తలుపు తెరిచారు. ఈ 18 ఏళ్లలో తమ భాషలో చదువు కోల్పోయినవారు కూలి పనుల కుటుంబాల పిల్లలే. ఇప్పుడు లాటరీకి బారులు తీరేవారిలో చదువుకున్న, కాస్త సంపన్నమైన ఇళ్లవారు బాగా పెరిగారు. ఆ వరుసలో తెలుగువారూ ఉన్నారు.

ఒకటో తరగతి దాటాక చాలాచోట్ల భాషా పరీక్ష లేకుండా కొత్తవారిని చేర్చుకోరు. అంటే ఊరు మారి వెళ్లిపోయిన పిల్ల సీటు మూడో తరగతిలో, నాలుగో తరగతిలో చాలాసార్లు అలా ఖాళీగానే ఉండిపోతుంది. దరఖాస్తు గడువు మాత్రం చలికాలంలోనే ముగుస్తుంది, వచ్చే వేసవికి ఏ ఊళ్లో ఉంటామో తండ్రికి తెలియకముందే.