ఆ తాడు దాటకండి

ఈ శీతాకాలం కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌కు టికెట్లు తీసుకున్న కుటుంబాలు, స్కీయింగ్ కోసం బయల్దేరుతున్న కుర్రాళ్ళు ఒక్క ఐదు నిమిషాలు ఆగి ఇది చదవండి. వెళ్ళొద్దని అనడం లేదు. వెళ్ళినవాళ్ళందరూ క్షేమంగా ఇంటికి రావాలన్నదే మా ఆరాటం.

2023 ఫిబ్రవరి 1న అక్కడి అఫర్వత్ కొండ మీద మంచు చరియ విరిగిపడి పోలండ్ నుంచి వచ్చిన ఇద్దరు స్కీయర్లు చనిపోయారు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 22న గుల్‌మార్గ్ కొండల్లోనే రష్యా స్కీయర్ ఒకరు బలయ్యారు. 2010 ఫిబ్రవరిలో అక్కడే శిక్షణలో ఉన్న సైనికులు పదిహేను మందికి పైగా మంచు కింద సమాధి అయ్యారు. వీళ్ళెవరూ మంచు ఎరగనివాళ్ళు కాదు. మరి మనం?

గుల్‌మార్గ్ ఎత్తు సుమారు 2,650 మీటర్లు. అక్కడి కేబుల్ కారు గొండోలా ఎక్కితే 3,900 మీటర్లు దాటిన చోట దించేస్తుంది. పూర్వం అంత ఎత్తుకు నడిచి వెళ్ళేవాళ్ళకు కొండ పోకడ దారిలోనే తెలిసేది. గొండోలా మనల్ని పైకి చేరుస్తుంది, ఆ తెలివిడిని మాత్రం ఇవ్వదు.

చరియ ఎలా జారుతుందో ఇంట్లోనే చూడొచ్చు. పళ్ళెంలో పంచదార పరిచి, దాని మీద దిబ్బరొట్టె పెట్టి, పళ్ళేన్ని కొంచెం వంచండి. రొట్టె నిలబడే ఉంటుంది. వేలితో తాకితే చాలు, మొత్తంగా జారిపోతుంది. కొండ మీదా అంతే. కింద పలుకులు పలుకులుగా ఉన్న పాత మంచు, పైన గట్టిపడిన కొత్త మంచు. ఆ తాకే వేలు మనమే. చరియల్లో చిక్కుకున్న పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది విషయంలో దాన్ని కదిలించింది వాళ్ళో, వాళ్ళతో ఉన్నవాళ్ళో. అంటే ఈ చావులు చాలావరకు ఆపగలిగినవే.

ఈ గుర్తులు మనసులో పెట్టుకోండి. రాత్రంతా మంచు కురిసి తెల్లారేసరికి ఆకాశం నీలంగా మెరుస్తుంటే, అది అందమైన రోజు, ప్రమాదకరమైన రోజు కూడా. ఈదురుగాలి మంచును ఒకవైపు పోగేసిందా? ఎండ ఒక్కసారిగా కాసిందా? దగ్గర్లో చరియ పడిన ఆనవాళ్ళున్నాయా? అడుగు వేయగానే లోపల 'ధబ్'మని చప్పుడై, కాలి ముందు సన్నని పగులు పరుగెత్తిందా? వెంటనే వెనక్కి రండి. 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే ఎక్కువ చరియలు జారతాయి. స్కీయర్లు ఇష్టపడేదీ ఆ వాలునే.

మంచు చరియల హెచ్చరిక స్థాయిలు ఐదు. మూడు అంటే మధ్యరకం అనుకోకండి, ప్రాణాలు ఎక్కువగా పోయేది అలాంటి రోజుల్లోనే. స్కీ గస్తీ సిబ్బంది కట్టిన తాడు దాటకండి. దాటి వెళ్ళే అనుభవజ్ఞులకూ చెబుతున్నాం: ఒంటి మీద, కూరుకుపోయిన చోటును సంకేతాలతో చూపే బీకన్, సంచిలో పొడవాటి ప్రోబ్ కర్ర, పార ప్రతి ఒక్కరికీ ఉండాలి. వాలును ఒక్కొక్కరుగా దాటాలి. కూరుకుపోయినవాళ్ళను పావుగంటలోపు తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతారు. అరగంట దాటితే ముగ్గురు బతకడమే కష్టం. ఆగిన మంచు సిమెంటులా బిగుస్తుంది, చేతులతో తవ్వలేరు. సహాయ బృందం వచ్చేదాకా కూరుకుపోయినవాళ్ళ ఊపిరి నిలవదు. తీయాల్సింది పక్కనున్న మీరే.

స్కీయింగ్ చేయనివాళ్ళకూ ఇది వర్తిస్తుంది. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథులా దారిలో ఏడుగురు పర్యాటకులు మంచు చరియ కింద చనిపోయారు. అనుమతి 13వ మైలు వరకే. వాళ్ళు 15వ మైలు దాకా వెళ్ళారని అధికారులు చెప్పారు.

ఆ రెండు మైళ్ళ ఆశ మనందరిలో ఉంది. "ఇంత ఖర్చు పెట్టి వచ్చాం, ఇంకాస్త ముందుకు పోనీ బాబూ" అని డ్రైవర్‌ను, గైడును, స్లెడ్జి లాగే మనిషిని బతిమాలతాం. ఆ రోజు కూలి మీద బతికేవాడు మనకు కాదని చెప్పడం కష్టం. దయచేసి ఆ మాట అతని మీదకు నెట్టకండి. అతని కూలి అతనికిచ్చి, "ఇక చాలు, వెనక్కి పోదాం" అని మీరే ముందు అనండి.