సాఫ్టువేరు కొలువు: యువకులకు విచారణీయము

ఇరువదియైదేండ్లు దాటిన యువకుడు యంత్రశాస్త్రము చదివినను, వాణిజ్యశాస్త్రము చదివినను, జీతము కొంచెమన్న సంగతి తెలిసినంతనే బంధుమిత్రులు వేయు ప్రశ్న యొక్కటియే: "సాఫ్టువేరునకు మారరాదా?" ఈ ప్రశ్నను తేలికగ త్రోసివేయుటకు వీలులేదు. 1998లో హైదరాబాదున సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి ఈ వృత్తి యెన్నియో మధ్యతరగతి కుటుంబముల ఋణములు తీర్చినది. సేద్యము తప్ప వేఱెఱుగని యిండ్ల బిడ్డలను సముద్రములు దాటించినది. దానిని నిందించుట కృతఘ్నత యగును.

అయినను, ఒకనికి అన్నము పెట్టిన వృత్తి అందఱకును పెట్టునని తలచుట వివేకము కాదు. ఈ వ్యాపారము చాలవరకు పాశ్చాత్య సంస్థలిచ్చు పనులపై నాధారపడినది. అచ్చట గాలి మళ్లినచో ఇచ్చట దీపము రెపరెపలాడును. 2001లోను, 2008లోను ఇట్లే జరిగినది. 2025లో టాటా కన్సల్టెన్సీ సంస్థ తన సిబ్బందిలో నూటికి ఇద్దఱిని, అనగా సుమారు 12,000 మందిని, తగ్గింతుమని ప్రకటించినది. ఆ యేడే సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వము, దేశము వెలుపలనున్నవారికై వేయు క్రొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించినది. 2022 నవంబరులో చాట్ జీపీటీ వెలువడిన పిమ్మట, క్రొత్తవారికి తొలిమెట్టుగనుండిన చిల్లర పనులను పెక్కింటిని యంత్రమే చేయ మొదలిడినది.

కావున మారవలదని మేము చెప్పుటలేదు. ఎట్లు మారవలెనన్నదే ప్రశ్న.

మొదటిది, పని రుచి చూడక చేతనున్న కొలువు విడువరాదు. ఐ.ఐ.టి.ల ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠములను ఇంటనుండియే ఉచితముగ వినవచ్చును. ఆఱు మాసములు, దినమునకు రెండు గంటలు కూర్చుండి చూడుడు. వ్రాసిన ప్రోగ్రాము నడువనప్పుడు, తప్పెక్కడనున్నదో వెదకుటలో విసుగు పుట్టుచున్నదా, పట్టుదల పుట్టుచున్నదా? ఈ వృత్తిలో నిత్యకృత్యమిదియే. జీతముమీది ప్రేమ వేఱు, పనిమీది ప్రేమ వేఱు.

రెండవది, వెనుకటి విద్యను పారవైచి రిక్తహస్తములతో పోరాదు. జమాఖర్చు లెఱిగినవాడు బ్యాంకుల ప్రోగ్రాములకును, యంత్రము లెఱిగినవాడు కర్మాగారముల ప్రోగ్రాములకును మిక్కిలి పనికివచ్చును. యంత్రము వ్రాసిన దానిలోని తప్పును పట్టవలెనన్నను విషయజ్ఞానము కావలయును గదా!

మూడవది అన్నిటికన్న ముఖ్యము. అమీరుపేట శిక్షణాలయములలో నిజముగ విద్య నేర్పువారు కలరు. కాని "బ్యాక్‌డోర్" పేరిట లక్షలు పుచ్చుకొని, లేని యనుభవమునకు పత్రములు సృష్టించువారును నగరములో లేకపోలేదు. న్యాయవాదవృత్తిలో నున్నవారము గనుక స్పష్టముగ చెప్పుచున్నాము. దొంగపత్రమును నిజమైనదిగ చూపుట, 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారము శిక్షార్హము. అట్టి యొడంబడిక 1872 నాటి కాంట్రాక్టు చట్టము 23వ సెక్షను ప్రకారము చెల్లదు. తెలిసి పాల్గొన్నవానికి సొమ్ము రాబట్టుటలో న్యాయస్థానము సాధారణముగ చేయూతనీయదు. తండ్రి యమ్మిన యెకరము తిరిగి రాదు. ఒకవేళ కొలువు దొరకినను, పూర్వానుభవ విచారణ యెన్నడు వచ్చునోయని దినదినము జంకుచు బ్రతుకవలెను.

తల్లిదండ్రులకొక మనవి. పొరుగింటి జీతముతో మీ బిడ్డను తూచకుడు. ఆఱు మాసముల గడువిచ్చి, అతడు కనుగొన్నదేమో వినుడు. యువకులారా! మారుడు, లేదా ఉన్నచోటనే నిలిచి పైకి రండు. ఏది చేసినను నిర్ణయము మీదిగ నుండవలెను. మీరు చూపు పత్రము నిజమైనదిగ నుండవలెను.