చీకట్లో లెక్కపెట్టేవాళ్లు

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పర్యావరణ శాఖ జీవశాస్త్రవేత్తలు దశాబ్దాలుగా ఒక పని చేస్తూ వస్తున్నారు. నడి చలికాలంలో తలకు దీపం కట్టుకుని గుహల్లోకి దిగుతారు. కప్పుకు వేలాడుతూ నిద్రపోయే గబ్బిలాలను లేపకుండా లెక్కపెట్టి, అంకె రాసుకుని బయటికొస్తారు. ఆ అంకెతో రోడ్డు పడదు, పంట పెరగదు. కానీ 2007 చలికాలంలో వాళ్లు ఆల్బనీ దగ్గరి గుహల్లోకి వెళ్లేసరికి నేల మీద గబ్బిలాలు చచ్చిపడి ఉన్నాయి. అంతకు ముందు ఎన్ని ఉండేవో కాగితం మీద ఉంది గనక ఎన్ని పోయాయో చెప్పగలిగారు. ఆ కాగితం విలువ గురించే ఈ వారం రాస్తున్నాను.

ఆ చావులకు కారణమైన జబ్బుకు తొలి సాక్ష్యం అంతకు ఏడాది ముందుదే. 2006 ఫిబ్రవరిలో హౌజ్ కేవ్ అనే గుహలోకి దిగిన ఒకాయన తీసిన ఫొటోల్లో గబ్బిలాల ముక్కుల మీద తెల్లటి బూజు కనిపిస్తుంది. అందుకే దానికి తెల్లముక్కు జబ్బు అని పేరు పడింది. విస్కాన్సిన్‌లోని జాతీయ వన్యప్రాణి ఆరోగ్య కేంద్రంలో డేవిడ్ బ్లెహర్ట్ బృందం ఆ బూజును పరీక్షించి, అంతవరకూ శాస్త్రానికి తెలియని చలి శిలీంధ్రమని తేల్చింది. ఇప్పుడు దాన్ని సూడోజిమ్నోఆస్కస్ డిస్ట్రక్టాన్స్ అంటున్నారు. చావులకు కారణం అదేనని 2011లో ప్రయోగపూర్వకంగా రుజువైంది.

అది చంపే తీరు చాలా క్రూరమైనది. అమెరికాలో ఒకప్పుడు విరివిగా కనిపించిన చిన్న గోధుమరంగు గబ్బిలం తులం బంగారమంత బరువు కూడా తూగదు. ఆకురాలే కాలంలో పురుగులను తిని ఒంట్లో కొవ్వు చేర్చుకుని, ఆ కొవ్వుతోనే వసంతం దాకా నెట్టుకురావాలి. అందుకే శీతనిద్రలో ఒళ్లు ఇంచుమించు గుహంత చల్లబడుతుంది. ఎగిరేటప్పుడు నిమిషానికి వందలసార్లు కొట్టుకునే గుండె పదికో ఇరవైకో దిగుతుంది. రోగనిరోధక శక్తి కూడా దాదాపు పడుకుంటుంది. సరిగ్గా ఆ చలిలోనే ఈ శిలీంధ్రానికి బలం. రెక్కల పొరను తొలిచి లోపలికి పాకుతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది, గబ్బిలం ఉలిక్కిపడి లేస్తుంది. ఆరోగ్యంగా ఉన్నదైతే రెండు మూడు వారాలకోసారి కాసేపు లేచి మళ్లీ పడుకుంటుంది. జబ్బు పడ్డది మాటిమాటికీ లేస్తుంది. లేచిన ప్రతిసారీ ఒళ్లు వేడెక్కడానికి బోలెడు కొవ్వు కరిగిపోతుంది. చలికాలం ఇంకా సగం ఉండగానే నిల్వ అయిపోయి, ఆకలికి తాళలేక పట్టపగలు మంచులోకి ఎగిరి వస్తుంది. బయట ఒక్క పురుగు ఉండదు.

ఇది అమెరికాలో పుట్టిన జబ్బు కాదు. ఐరోపా గబ్బిలాల మీద ఇదే శిలీంధ్రం ఉంటుంది, అవి మాత్రం దానితో సహజీవనం నేర్చుకున్నాయి. 2025లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన, అమెరికాకు చేరిన రకం మూలాన్ని ఉక్రెయిన్‌లోని పొడిల్లియా గుహల ప్రాంతం దాకా వెనక్కి లాగింది. అట్లాంటిక్‌ను ఈ గబ్బిలాలు దాటలేవు. గుహలు తిరిగే మనుషుల బూట్లకో తాళ్లకో అంటిన మట్టిలో సిద్ధబీజాలు సముద్రం దాటాయన్నది శాస్త్రవేత్తల బలమైన అనుమానం. గబ్బిలాలు లేకున్నా గుహ మట్టిలో అవి ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. కెంటకీలోని మమత్ కేవ్ చూసి బయటికొచ్చే సందర్శకులను తడి చాపల మీద నడిపించేది అందుకే. అక్కడికి వెళ్లే మన తెలుగువాళ్లు విసుక్కోకుండా నడవాలి. బూట్లు బాగా తుడుచుకోవాలి.

తర్వాత జరిగింది ఊచకోత. 2012 నాటికే కనీసం 57 లక్షల గబ్బిలాలు పోయాయని అమెరికా వన్యప్రాణి శాఖ అంచనా వేసింది. మూడు జాతుల్లో పదేళ్లు తిరక్కుండానే నూటికి తొంభైకి పైగా నశించాయి. ఈ జీవుల్లో చాలావాటికి ఏడాదికి పుట్టేది ఒక్క పిల్లే. పోయినవి మళ్లీ నిండాలంటే ఒక మనిషి జీవితకాలం చాలకపోవచ్చు.

గబ్బిలాలు పోతే మనకేమిటి అనేవాళ్లకు షికాగో విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త ఎయాల్ ఫ్రాంక్ 2024లో సైన్స్ పత్రికలో జవాబిచ్చారు. జబ్బు అన్ని కౌంటీలకూ, అంటే అక్కడి జిల్లాలకూ, ఒకేసారి పాకలేదు, ఒకచోట ఈ ఏడు, పక్కచోట మూడేళ్లకు. ఆ తేడానే ఆయన కొలబద్దగా వాడుకున్నారు. గబ్బిలాలు పోయిన కౌంటీల్లో రైతులు పురుగుమందుల వాడకం సగటున 31 శాతం పెంచారు. రాత్రిపూట తన బరువులో సగం దాకా పురుగులను మింగే జీవి లేకపోతే ఆ పని మందు డబ్బాకే పడుతుంది కదా. అవే కౌంటీల్లో ప్రమాదాలు, హత్యలు మినహాయించి చూస్తే, పసిపిల్లల మరణాల రేటు 8 శాతం దాకా పెరిగింది. 2017 నాటికి 1,334 మంది అదనంగా చనిపోయారని ఆయన లెక్క. ఇది గణాంకాల మీద కట్టిన వాదన, ఏ బిడ్డ చావునూ ఫలానా గబ్బిలంతో ముడిపెట్టలేం. అయినా నేను దీన్ని నమ్ముతున్నాను. జబ్బు ఏ కౌంటీలో ఏ ఏడాది అడుగుపెట్టిందో గుహల్లో తిరిగినవాళ్లు నమోదు చేయకపోతే ఈ ప్రశ్న అడిగే వీలే ఉండేది కాదు.

మందుల కోసం వెతుకులాట సాగుతూనే ఉంది. అతినీల లోహిత కాంతి ఈ శిలీంధ్రాన్ని చంపుతుంది, టీకాను పరీక్షిస్తున్నారు, టెనెసీలో మనుషులే ఒక కృత్రిమ గుహ కట్టారు. సహజమైన గుహనంతా మందుతో కడిగేస్తే అక్కడి మిగతా జీవులూ పోతాయి గనక అది కుదిరే పని కాదు. ఆశ ఉన్నది బతికి బయటపడ్డ గబ్బిలాల మీదే. కొన్నిచోట్ల అవి మునుపటికన్నా కొవ్వు పట్టి చలికాలంలోకి వెళుతున్నాయని తేలింది. ఇది కూడా ఏటేటా దిగి చూసినవాళ్లు చెప్పిందే.

మన సంగతి వేరు. 20 డిగ్రీలు దాటితే ఈ శిలీంధ్రం పెరగదు. బెలుం గుహల్లో దిగితే ఒళ్లంతా చెమట పడుతుంది. దక్కను గబ్బిలాలు నెలల తరబడి నిద్రపోవు. తెల్లముక్కు జబ్బు ఇక్కడికి వస్తుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. నన్ను భయపెట్టేది లెక్క లేకపోవడం. కోలారు జిల్లా హనుమనహళ్లిలో ఒకే ఒక్క గుహలో మిగిలిన గబ్బిలం జాతి ఒకటుంది. ప్రపంచం మొత్తం మీద అవి రెండు వందలు కూడా లేవనీ, చుట్టూ గ్రానైట్ తవ్వకాలు వాటిని తరుముతున్నాయనీ మనకు తెలిసిందంటే ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన భార్గవి శ్రీనివాసులు వంటివాళ్లు ఆ గుహలో పాక్కుంటూ వెళ్లి లెక్కపెట్టబట్టే. తెలుగునాట కొండ గుహల్లో, పాత కోటల్లో, పాడుబడ్డ గుళ్లలో ఉన్న గబ్బిలాలకు అలాంటి అదృష్టం ఎన్నింటికి పట్టింది? వరికి దోమపోటు తెచ్చే పురుగులను గబ్బిలాలు తింటాయని థాయ్‌లాండ్‌లో అధ్యయనాలు చూపించాయి. మన పొలాల మీద అవి చేస్తున్న పని విలువ కట్టాలన్నా ముందు ఎన్ని ఉన్నాయో తెలియాలి.

బొర్రా గుహల్లో అమ్మిన టిక్కెట్ల లెక్క ఏ రోజుకారోజు తేలుతుంది. లోపల రంగుదీపాలు పెంచే ముందు, కొత్త దారి తవ్వే ముందు, అక్కడి గబ్బిలాల లెక్క కూడా ఏటా ఒకసారి తీయించాలి. బెలుంలోనూ తీయించాలి. ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల జంతుశాస్త్ర విద్యార్థులకు శిక్షణ ఇచ్చి, తలదీపాలు, ప్రయాణ ఖర్చులు ఇస్తే చాలు. ఆ అంకెలను అందరికీ కనిపించేలా పెట్టాలి. రెండు రాష్ట్రాల అటవీ శాఖలు ఈ పని వచ్చే ఏడాదికైనా మొదలుపెట్టాలి.