తెర మీది అంకె కన్నా ముందు తూకపురాయి

బడిలో ఒక ప్రాజెక్టు. ఆర్డుయినో ఊనో బోర్డుకు ఎల్‌ఎం35 ఉష్ణోగ్రత సెన్సర్ తగిలించారు. తెర మీద 32.23 డిగ్రీలు కనిపిస్తోంది. పక్కనే గోడకున్న మామూలు థర్మామీటర్ 30 చూపిస్తోంది. దేన్ని నమ్మాలి? చాలామంది పిల్లలు తెరనే నమ్ముతారు. దశాంశ బిందువు తర్వాత రెండు అంకెలున్నాయి కదా! నమ్మనివాళ్లు సెన్సర్ పాడైందంటారు. నిజానికి ఇక్కడ సెన్సర్ తప్పేమీ లేకపోవచ్చు.

ఎల్‌ఎం35 ప్రతి సెల్సియస్ డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. 30 డిగ్రీల దగ్గర 300 మిల్లీవోల్టులు. దాన్ని అంకెగా మార్చేది బోర్డులోని అనలాగ్-టు-డిజిటల్ కన్వర్టర్. అది వోల్టేజీని నేరుగా కొలవదు, తన దగ్గరున్న రిఫరెన్స్ వోల్టేజీతో పోల్చి చూస్తుంది. రిఫరెన్స్‌ను 1024 మెట్లుగా విభజించి, వచ్చిన వోల్టేజీ ఎన్నో మెట్టు దగ్గర ఉందో చెబుతుంది. తక్కెడలో తూకపురాయి చేసే పనే ఇక్కడ రిఫరెన్స్ చేస్తుంది.

మనం ఏమీ మార్చకపోతే ఊనో తన సరఫరా వోల్టేజీనే రిఫరెన్స్‌గా తీసుకుంటుంది. ప్రోగ్రాములో 5 వోల్టులని రాసేస్తాం. కానీ యూఎస్‌బీ కేబుల్ నాసిరకానిదైనా, బోర్డు మీద మోటార్ల భారం పడినా ఆ సరఫరా 4.6 వోల్టులకు దిగవచ్చు. అప్పుడు అదే 300 మిల్లీవోల్టులు 61కి బదులు 66వ మెట్టుగా నమోదవుతుంది. దాన్ని 5 వోల్టులతో లెక్కిస్తే వచ్చేదే 32.23. కిలో అని రాసి ఉన్న 920 గ్రాముల రాయితో కూరగాయలు తూచినట్టే ఇది.

దీనికి మందు ఆ చిప్‌లోనే ఉంది. ఏటీమెగా328పి లోపల సుమారు 1.1 వోల్టుల రిఫరెన్స్ ఉంది. ప్రోగ్రాములో ఒక్క వరుసతో దాన్ని ఎంచుకోవచ్చు. సరఫరా ఊగినా అది పెద్దగా కదలదు. పైగా ఒక్కో మెట్టు 4.9 నుంచి 1.1 మిల్లీవోల్టులకు తగ్గుతుంది. అంటే అర డిగ్రీ మెట్టు కాస్తా పదో వంతు డిగ్రీకి వస్తుంది. అయితే ఆ విలువ ఒక్కో చిప్‌లో 1.0 నుంచి 1.2 వోల్టుల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. అందుకే దాన్ని ఎంచుకున్నాక ఏరెఫ్ పిన్ దగ్గర మల్టీమీటర్‌తో ఒకసారి కొలిచి, ఆ అంకెనే ప్రోగ్రాములో రాయాలి. రిఫరెన్స్ మార్చిన వెంటనే వచ్చే మొదటి రీడింగును వదిలేయాలి. ఏరెఫ్‌కు బయటి వోల్టేజీ ఇస్తే మాత్రం ఆ సంగతి ప్రోగ్రాముకు ముందే చెప్పాలి, లేదంటే చిప్ దెబ్బతినవచ్చు.

అన్నిచోట్లా 1.1 వోల్టులే మేలని కాదు. తిప్పే పొటెన్షియోమీటర్ అదే 5 వోల్టుల సరఫరా మీద పనిచేస్తుంది. సరఫరా తగ్గితే దాని అవుట్‌పుట్, రిఫరెన్స్ రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి కాబట్టి రీడింగు మారదు. అక్కడ సరఫరానే సరైన రిఫరెన్స్. ఏ సెన్సర్‌కు ఏ రాయి అన్నదే అసలు పాఠం.

స్కూలు ప్రాజెక్టుకు ఇంత పట్టింపు ఎందుకు, ముందు పిల్లల్లో ఆసక్తి కలగనివ్వండి అనేవారున్నారు. ఆ మాటలో న్యాయముంది. ఎల్‌ఈడీ వెలిగించే మొదటి రోజే రిఫరెన్స్ గురించి చెప్పనక్కర్లేదు. కానీ తెర మీద అంకె చూపించి, దాన్ని కొలత అన్న రోజు తప్పకుండా చెప్పాలి. ఆసక్తిని చంపే పాఠం కాదిది. 30కి, 32కి తేడా ఎక్కడిదో వెతికి పట్టుకోవడం ఏ విద్యార్థికైనా మంచి పొడుపుకథే.

దేశంలో 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద ఇప్పటికే వేల బడుల్లో టింకరింగ్ ల్యాబ్‌లు వచ్చాయి. ప్రభుత్వ పాఠశాలల్లో ఐదేళ్లలో 50,000 ల్యాబ్‌లు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. అక్కడ నేర్చుకున్న పిల్లలే రేపు పొలంలో తేమను, వీధిలో గాలి నాణ్యతను కొలిచే పరికరాలు చేస్తారు. అలవాటు ఇక్కడే పడాలి. అందుకు కొత్త పరికరాలు కొననక్కర్లేదు. ప్రాజెక్టు రికార్డులో రీడింగు పక్కన ఇంకో గడి చాలు: రిఫరెన్స్ ఎంత, దాన్ని ఎలా కొలిచారు? ఆ గడి ఖాళీగా ఉంటే, రీడింగులో ఎన్ని దశాంశాలున్నా మార్కులు వేయకూడదు.